లయ తప్పించే గోలీ

జగిత్యాల క్వారంటైన్ సెంటర్‌లో ముత్యం చాయ తాగుతూ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. దుబాయి నుంచి వచ్చి వారం తిరగలేదు. అందరూ కరోనా అన్నారు. కాదని తెలిసింది ఒక్కరికే, సీక్రెట్ సర్వీస్ చీఫ్ హనుమంత రావుకు.

"వాని జేబుల గీ గోలీ దొరికింది," అన్నాడాయన, కదులుతున్న వ్యాన్‌లో. "మలేరియా మందు. కీళ్లవాతానికి గూడ ఇస్తరు. కరోనాకు పనిజేస్తదా లేదా అని లోకంల డాక్టర్లంత తన్నుకుంటున్నరు. డోసు మీరితే గుండె లయ తప్పుతది."

"ఎవల పని సార్?" అడిగింది ఏజెంట్ రజని.

"విదేశీ గ్యాంగ్. ఎంత డోసుకు మనిషి పోతడో తెలుసుకొని గా లెక్క అమ్ముకుంటరు. గల్ఫోళ్లు సస్తే అడిగేటోడు లేడని గీడ పడ్డరు. ఇయ్యాల కోరుట్ల ఫంక్షన్ హాల్ క్వారంటైన్ల పంచుతరు. పోలీసులు ముందే పోతే గోలీలు మాయమైతయి." ఆయన గొంతు తగ్గించాడు. "మీ అన్న శ్రీధర్ గా హాల్లనే ఉన్నడు."

మస్కట్ ఎండకు అన్న గుండె అప్పటికే దెబ్బతింది. కంపెనీ మూతపడితే ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చాడు పాపం.

"కాంటాక్ట్?"

"డాక్టర్ వర్షిత. మన మనిషే. దోమలున్నయా అని అడుగు. తెర కట్టామంటది."

పీపీఈ కిట్‌ను మించిన మారువేషాన్ని ఏ ప్రభుత్వమూ ఏ గూఢచారికీ కుట్టించి ఇవ్వలేదు. చేతిలో ఆక్సీమీటర్‌తో రజని నర్సయిపోయింది. అదే కిట్‌లో వర్షిత మాత్రం సినిమా తారలా వెలిగిపోతోంది, ఆ కాటుక కళ్లూ, ఆ సెంటూ!

"దోమలున్నయా మేడం?"

"తెర కట్టాం," అంది వర్షిత తీయగా. స్టోర్‌రూమ్ తలుపు మూసిన మరుక్షణం రజని వెన్నుకు పిస్టల్ తగిలింది.

"ఆక్సీమీటర్ ఇలా ఇవ్వు. అందులో ట్రాన్స్‌మిటర్ ఉందని తెలుసు. గోలీలు నువ్వే పంచు. నోరెత్తావో, మొదట మీ అన్న."

ఓరి దేవుడా! రజని ఆక్సీమీటర్ ఇచ్చేసింది. ట్రే పట్టుకుని మంచం మంచానికీ నడిచింది. వెనకే వర్షిత, రైటింగ్ ప్యాడ్ కింద పిస్టల్.

"అందరూ ఆగండి. నేను చెప్పినప్పుడు ఒకేసారి మింగాలి."

"బిడ్డా, గిది మింగితే ఇంటికి పంపుతరా?" అడిగాడు రుద్రంగి బాలయ్య. రజని గోలీ ఆయన చేతిలో పెట్టి ముందుకు కదిలింది.

చివరి మంచం శ్రీధర్‌ది. చెల్లెలి కళ్లు గుర్తుపట్టి నవ్వబోయాడు. రజని మాస్కు కిందికి లాగి పెదవులు కదిపింది. చప్పుడు లేదు.

"మింగకు. సస్తవు."

సిరిసిల్లలో సాంచెల మధ్య పెరిగిన పిల్లలు వీళ్లు. ఆ మగ్గాల మోతలో గొంతు చించుకున్నా వినబడదు. అక్కడి వాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు. హాల్లో సగం మంది, పని లేక సాంచెలు వదిలి గల్ఫ్ బాట పట్టినవాళ్లే. శ్రీధర్ పక్కకు తిరిగి పెదవులు కదిపాడు. పక్కవాడు ఆ పక్కవాడికి, వాడు బాలయ్యకు. పట్నంలో పెరిగిన వర్షిత వెనక నుంచి చూసి, భయంతో దేవుడికి మొక్కుకుంటున్నారనుకుంది.

"ఇప్పుడు మింగండి!"

గ్లాసులు లేచాయి. గుటకలు పడ్డాయి. వర్షిత శ్రీధర్ మీదికి వంగింది. "నోరు తెరువు."

తెరిచాడు. నీళ్లతో సహా గోలీని ఆమె ఫేస్‌షీల్డ్ మీద థూ అని ఉమ్మాడు. చూపు ఆగిన ఆ క్షణంలో రజని ఆమె మణికట్టు మెలితిప్పింది. పిస్టల్ జారింది. పారిపోబోతే బాలయ్య వచ్చి మీద కూర్చున్నాడు. అందరూ బుగ్గన దాచిన గోలీలు ట్రేలోకి ఉమ్మారు.

"అన్నా!" రజని వలవలా ఏడ్చేసింది.

"ఊకో చెల్లె, నాకేం గాలే," అన్నాడు శ్రీధర్.

ఫోన్‌లో చీఫ్ నవ్వాడు. "శెభాష్! గ్యాంగోళ్ల కారు మెట్‌పల్లి రోడ్డు మీద దొరికింది. మాస్కు తీసినవా?"

"తీసిన సార్."

"అయితే నువ్వు గూడ గాడనే క్వారంటైన్. ఆమె గూడ."

సాయంత్రానికి పక్క మంచం మీద, బేడీల్లో, వర్షిత మూలిగింది. "ఒళ్లు కాలిపోతోంది. మందేమైనా ఉందా?"

రజని దుప్పటి సర్దుకుంది.

"ట్రేల మస్తు మిగిలినయి మేడం. ఇయ్యాల్నా?"