నరసక్క ఓటు

"ఏజెంటంటే పక్కనున్నోళ్ళను చూస్తా కూర్చునేదా?" ఓటర్ల లిస్టు మీంచి తలెత్తకుండానే అడిగింది ఆశ.

నందీష్ నవ్వాడు. "దొంగ ఓట్లు పడకుండా చూసేదే కదప్పా నా పని! అందరికన్నా నీ మీదే అనుమానంగా ఉండాది."

కర్ణాటకలో తెలుగు మాట్లాడే ఊరు వల్లూరు. అక్కడి బడిలో పోలింగ్ మొదలై గంట కూడా కాలేదు. గోడవార బెంచీ మీద ఇద్దరే ఏజెంట్లు. ఆశ తన నాన్న హనుమంతరాయుడి పార్టీకి, నందీష్ ఎదుటి పార్టీకి. నందీష్ సోలార్ ప్లాంటులో టెక్నీషియన్. ప్యానెళ్ళు కడిగేవాళ్ళూ, సెక్యూరిటీ వాళ్ళూ ఓటు విషయంలో అతని మాట వింటారు. అతనికి ఆశంటే ఇష్టమని ఊరందరికీ తెలుసు. ఆశకు అతనంటే ఇష్టమని మాత్రం ఎవరికీ తెలియదు, అతనికి కూడా.

నెల కిందట అతను ధైర్యం చేసి ఇంటికొచ్చి పిల్లనిమ్మని అడిగేశాడు. హనుమంతరాయుడు మీసం దువ్వుకున్నాడు. ఆ బూత్‌లో ఆయన పార్టీ ఇంతవరకూ ఓడింది లేదు.

"ఈ ఎలక్షన్లో మన బూత్‌లో మాకు లీడ్ రాకుండా ఆపు. సమానంగా వచ్చినా చాలు, తాంబూలాలకు రా. మాకు ఒక్క ఓటు ఎక్కువొచ్చినా పిల్లను అడిగేదానికి నా గడప తొక్కొద్దు."

నందీష్ సరేనన్నాడు. తలుపు వెనక నుంచి విన్న ఆశకు ఒళ్ళు మండిపోయింది. తనేమన్నా పందెంలో పెట్టే పొట్టేలా? అయినా ఆ రోజు నుంచి తన పార్టీ ఓడిపోవాలనే రోజూ దేవుడికి దండం పెట్టుకుంటోంది.

మధ్యాహ్నం నరసక్క వచ్చింది. ముప్పై ఏళ్ళుగా హనుమంతరాయుడి గొర్రెలు కాస్తున్న మనిషి. ఓటెవరికో దారి పొడుగునా చెప్పుకుంటూనే వచ్చింది.

చిక్కేమిటంటే, ఆమె కిందటి వారమే తిరుపతి వెళ్ళి తలనీలాలిచ్చింది. ఏళ్ళ కిందటి కార్డులో నిండుగా జుట్టు, ముక్కుపుడక, పలువరుస. ఎదురుగా నున్నటి గుండు, బోసినోరు. తుమకూరు నుంచి వచ్చిన ప్రిసైడింగ్ ఆఫీసర్ కార్డునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఈమె ఆమేనా, ఎవరైనా గుర్తుపడతారా అని ఏజెంట్లను కన్నడంలో అడిగాడు.

ఆశ నరసక్క వైపు చూసింది. చిన్నప్పుడు తనను చంకనేసుకుని తిప్పిన మనిషి! కానీ ఈ ఒక్క ఓటు తగ్గితే? తల వంచుకుని లిస్టులో లేని తప్పు వెతకసాగింది.

"ఏంది పాపా, నువ్వన్నా చెప్పు!" అంది నరసక్క. ఆశ లిస్టులో ఇంకో పేజీ తిప్పింది.

నందీష్ లేచి నిలబడ్డాడు. "ఈమె నరసక్కే సార్. నాకు బాగా తెలుసు. గుండు కొట్టించుకున్న్యాది, అంతే." ఆఫీసర్ ఇంకోసారి కార్డు చూసి తలూపాడు. నరసక్క వేలికి సిరా పడింది.

సాయంత్రం జల్లు పడుతుంటే టీ కోసం వరండాలోకి వచ్చిన నందీష్‌ను ఆశ పట్టుకుంది.

"నీకు బుద్ధుండాదా? ఆమె ఓటు ఎవరికేసేదో తెలీదా?"

"తెలుసు. ఆమె ఓటు ఆమెది. నా పెండ్లి కోసం ముసలామెను దొంగను చేస్తానా?" అని, ఆగాడు. "అయినా మీ పార్టీకే కదా పడింది? నీకేల కోపం?"

ఆశ ముఖం పక్కకు తిప్పుకుంది. నందీష్ కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే... ఆశా, నువ్వు..."

"నీ టీ చల్లారిపోతాది, తాగు," అని ఆమె లోపలికి పరుగు తీసింది. కోపం ఎప్పుడో పోయింది. ఇలాంటి మనిషి ముందు తల వంచుకుని కూర్చున్నానే అన్న సిగ్గు మాత్రం మిగిలింది.

లెక్కింపు రోజు తుమకూరు నుంచి శ్రీనివాస హనుమంతరాయుడికి ఫోన్ చేశాడు. అతను ఆయన పార్టీ కౌంటింగ్ ఏజెంటు. మన బూత్‌లో మనకు నాలుగు వందల పన్నెండు, వాళ్ళకు నాలుగు వందల పదకొండు అని చెప్పాడు. సాయంత్రానికి తాలూకా మొత్తం మీద ఆయన పార్టీ వేల ఓట్ల తేడాతో ఓడిపోయింది.

"తాలూకా పోతే పోనీప్పా, మన బూత్ మనదే!" హనుమంతరాయుడు ఇంటి ముందు టపాకాయలు కాల్పించాడు.

ఆశ వచ్చి ఆయనకెదురుగా నిలబడింది. "నాయనా, ఆ ఒక్క ఓటు మనం గెలిచింది కాదు. నందీష్ ఇచ్చినాడు." జరిగిందంతా చెప్పింది. తను నోరు మూసుకున్న సంగతీ దాచలేదు. "ఆయప్పంటే నాకిష్టం. అందుకే తప్పు చేసినా. ఆయప్పకూ నేనంటే ఇష్టమే, కానీ తప్పు చేయలా."

హనుమంతరాయుడు టపాకాయలు ఆపమని చెయ్యూపాడు. తర్వాత, "నా తెల్ల చొక్కా తే. నువ్వూ చీర మార్చుకో," అన్నాడు.

నందీష్ వాళ్ళింటికి రెండు వీధులు నడవాలి. గుమ్మంలో వాళ్ళను చూసి అతను కంగారుగా లేచాడు. "ఇచ్చిన మాట మీదే ఉండాను పెద్దాయనా. మీ గడప తొక్కలేదు."

"తెలుసులేప్పా. నువ్వు నా గడప తొక్కొద్దన్నా గానీ, నేను నీ గడప తొక్కకూడదని యాడన్నా అన్న్యానా? పిల్లనియ్యమని నువ్వు అడగొద్దు. పిల్లను చేసుకోమని నేనే అడుగుతా ఉండా."

నందీష్‌ ఆశ వైపు చూశాడు.

"నాయన అడిగేది అయిపాయ. నేనూ అడుగుతా ఉండా," అంది ఆశ. ఈసారి తల ఎత్తే ఉంది. "చేసుకుంటావా?"

అతను నవ్వాడో ఏడ్చాడో తెలియని ముఖంతో తలూపాడు. లోపల్నుంచి వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చి, "గడపలోనే నిలబడితే ఎట్లన్నా? కాళ్ళు కడుక్కోని లోపలికి రాండి," అంది.