రెండో ప్లేటు

మేకప్‌మ్యాన్ వేషంలో వెళ్ళిన ఏజెంటు ఆ పొద్దున లిఫ్టు గుంతలో దొరికాడు. మెడ విరిగింది. చేతిలోని పౌడర్ డబ్బాకి మాత్రం సొట్ట కూడా పడలేదు.

మధ్యాహ్నానికి ఆ డబ్బా 'తొండ' చేతికొచ్చింది.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. గోడకి అతుక్కుని ఎంతసేపైనా కదలకుండా చూస్తాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు.

"డబ్బా అడుగున వైర్‌లెస్ ఉంది. మూత తీస్తే చాలు, అక్కడి మాట మాకు వినబడుతుంది," అన్నాడు చీఫ్. "చచ్చేముందు వాడు పంపింది ఒక్కటే మెసేజ్. 'ఫొటో తీసేటప్పుడే ముహూర్తం. మనిషి లోపలివాడే.'"

"ఫొటో ఎవరిది?"

"మెరుపుల ముసలాయనది. తీగలు లేకుండా కరెంటు పంపే మెషిన్ కనిపెట్టాడుగా. దాని పేరు చెబితేనే జనం హడలిపోతున్నారు. ఆ భయం పోవాలని, మెరుపుల కింద ఆయన నింపాదిగా పుస్తకం చదువుతున్నట్టు ఫొటో తీసి రేపు పేపర్లన్నిటికీ ఇస్తున్నాం. సరిహద్దు అవతలి గూఢచారుల ముఠాకి కావలసింది వేరే ఫొటో. ఆ మెషిన్ కిందే ఆయన మాడిపోతున్న ఫొటో. అది అచ్చయితే ఇక దాన్ని ఎవడూ ముట్టుకోడు."

"నిజంగానే మెరుపుల కింద కూర్చుంటాడా?"

"నీకేమైనా మతిపోయిందా? అదంతా ట్రిక్. ఫొటోగ్రాఫర్ మన ఏజెంటే, ఆవిడ చెబుతుంది. కోడ్, 'గాలి లేదు'."

ల్యాబొరేటరీ హాలు పాత గిడ్డంగి. ఎత్తయిన కిటికీలకి నల్లతెరలు. వాటిని లాగే పొడవాటి వెదురు గెడ గోడకి చేరవేసి ఉంది. దాని కొసన కొయ్య కొక్కెం. నడిమధ్య మనిషికి రెండింతల ఎత్తున రాగితీగ చుట్టిన కాయిల్. దాని ముందు ఒక కుర్చీ. ఓ మూల స్విచ్‌బోర్డు.

కెమెరా పక్కన ఎర్ర పట్టు దుస్తుల్లో ఆమె. చూసినవాణ్ణి కళ్ళు తిప్పుకోనివ్వని మనిషి.

"ఉక్కగా ఉంది," అన్నాడు తొండ.

"గాలి లేదు," అందామె, అతని వైపు చూడకుండానే. "విను. ఒకే గాజు ప్లేటు మీద రెండుసార్లు ఫొటో తీస్తాను. ముందు మెషిన్ ఆన్, కుర్చీ ఖాళీ. తర్వాత మెషిన్ ఆఫ్, కుర్చీలో ముసలాయన. రెండూ కలిసి ఒక్క ఫొటో అవుతుంది. కెమెరా కదలకూడదు, ప్లేటు మారకూడదు. మారిందా, కొంప మునిగినట్టే."

"మార్చరుగా?"

"పౌడర్ పూసేవాడివి, పౌడర్ సంగతి చూసుకో."

అంతలో ముసలాయన వచ్చాడు. వెనకే ఆయన బావమరిది, మోచేతుల దాకా రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని.

"ఏరా, మీ అక్క మొహం చూసి ఉద్యోగమిచ్చాను. ఆ స్విచ్ లాగడమైనా సరిగ్గా వచ్చా?"

"వచ్చు బావగారూ."

"ఏం వచ్చు! మీ ఇంట్లోవాళ్ళకి తినడం, ఏడవడం తప్ప ఏమొచ్చురా?"

బావమరిది పళ్ళు కనిపించాయి. నవ్వు కనిపించలేదు.

తెరలు మూశారు. ఆమె లెన్సు మూత తీసింది. బావమరిది స్విచ్ పిడి కిందకి లాగాడు. ఎండుమట్టలు ఒక్కసారిగా ఫెళఫెళ విరిగినట్టు చప్పుడు. తెల్లటి మెరుపులు కాయిల్ నుంచి పాయలుపాయలుగా చీలి ఖాళీ కుర్చీని నాకాయి. పిడి పైకెత్తగానే చీకటి, కాలిన వాసన. ఆమె లెన్సు మూసింది.

దీపం వేశారు. ముసలాయన వెళ్ళి, చిన్న పుస్తకం చేతపట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. తొండ డబ్బా మూత తీసి మొహానికి పౌడర్ అద్దాడు.

"మెల్లగా చావు! గోడకి సున్నం వేస్తున్నావా?"

తొండ డబ్బా మూత పెట్టకుండానే గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తొండలాగే చూడసాగాడు.

ఆమె నల్లగుడ్డ కింద తల దూర్చింది. 'టక్' మని చిన్న చప్పుడు. కెమెరాలోంచి ప్లేటు బయటికొచ్చి కాళ్ళ దగ్గరి తోలుసంచిలోకి జారింది. కొత్త ప్లేటు లోపలికెళ్ళింది.

తొండ కనురెప్ప వాల్చలేదు. మెరుపులు పాత ప్లేటు మీదున్నాయి. కొత్త ప్లేటులో ముసలాయన ఒక్కడే పడతాడు. అది ఎందుకు పనికొస్తుంది? మెరుపులు మళ్ళీ వస్తేనే పనికొస్తుంది.

చూపు మూలకి తిప్పాడు. బావమరిది గ్లవ్స్ విప్పలేదు. చెయ్యి పిడి మీదే ఉంది.

"ఇటు చూడండి సార్," అంటూ ఆమె లెన్సు మూత తీసింది.

బయట వింటున్న చీఫ్ తలుపు దాకా వచ్చేసరికి ముసలాయన బూడిదవుతాడు. తొండ గెడ అందుకుని, కొక్కేన్ని కుర్చీ కాలికి తగిలించి, బావిలోంచి చేద లాగినట్టు ఒక్క లాగు లాగాడు. కుర్చీతో సహా ముసలాయన ఇవతలికి వచ్చి బోర్లా పడ్డాడు. అదే క్షణంలో మెరుపు ఆయన తల ఉన్నచోట పేలింది. తొండ పౌడర్ డబ్బా విసిరాడు. అది బావమరిది ముక్కు మీద పగిలింది. తెల్లటి దుమ్ములోంచి గెడ కొస వెళ్ళి పిడిని పైకెత్తింది.

"ఆ కాయిల్ నాది బావా!" అరిచాడు బావమరిది. మొదటిసారి 'గారు' ఊడిపోయింది. "చుట్టింది నేను! పేరు నీదా?"

ఆమె చేతిలో చిన్న పిస్టల్ మెరిసింది. గురి తొండ మీద.

"పొద్దున మేకప్‌వాడు కూడా నీలాగే ప్రశ్నలడిగాడు. అందుకే లిఫ్టు గుంతలోకి తోశాను."

"మంచిది. గట్టిగా చెప్పండి. డబ్బా పగిలినా వైర్‌లెస్ పనిచేస్తూనే ఉంది."

ఆమె కళ్ళు డబ్బా వైపు మళ్ళాయి. ఆ రెప్పపాటు చాలు. గెడ పిస్టల్‌ని ఎగరగొట్టింది. తలుపు తోసుకుని చీఫ్ మనుషులు లోపలికొచ్చారు.

ఇద్దరినీ బయటికి నడిపించాక చీఫ్ కెమెరా వైపు చూశాడు. "రేపటికి ఫొటో కావాలి."

"కెమెరా కదల్లేదు. పాత ప్లేటు సంచిలోనే ఉంది. పద్ధతి ఆవిడే నేర్పింది," అన్నాడు తొండ.

కుర్చీని గుర్తున్న చోటే నిలబెట్టారు. ముసలాయన లేవలేదు.

"స్విచ్ దగ్గర ఎవడున్నాడు?"

"ఎవరూ లేరు. మెయిన్ తీగే కోసేశాం."

ఆయన లేచాడు. ప్యాంటు ముందంతా తడిసి ఉంది. అది చెమట కాదు. చేతిలోని చిన్న పుస్తకాన్ని చూసుకుని, తొండ చెవిలో గొణిగాడు. "బాబూ... ఇంతకంటే పెద్దది ఉందా?"

అంతసేపటికి ఆయన నోట మర్యాద పలికింది.

మర్నాడు పేపర్లన్నిటా అదే ఫొటో. 'పిడుగుల నడుమ చలించని ధీరుడు.' ఆ చేతుల నిబ్బరాన్నీ, మొహంలోని ప్రశాంతతనూ లోకమంతా వేనోళ్ళ పొగిడింది.

అంత లావు పుస్తకాన్ని తెరవకుండా ఒళ్ళో బోర్లించుకుని ఎందుకు కూర్చున్నాడని మాత్రం ఒక్కడూ అడగలేదు.