బ్లేడు అవతలి పట్టు

ఇంజిన్ బాగా చల్లారాకే వాల్వుల సందు చూడాలి. అందుకే ఆ పాత కారు ఇంజిన్‌ని పెద్దావిడ ముందురోజే స్టాండు మీదకి ఎక్కించి వదిలేసింది. మర్నాడు మధ్యాహ్నం పని మొదలుపెట్టబోతే ముసురు పట్టింది. రేకుల షెడ్డులో వెలుతురు మసకబారింది. తడి ఇనుము వాసన, కాలిన ఆయిలు వాసన.

"ఎనిమిది వాల్వులు. ఒక్కటి తేడా వచ్చినా షెడ్డు తాళంచెవి నాకిచ్చెయ్యాలి," అంది కూతురు. తనూ మెకానిక్కే. "పోయిన నెల నువ్వు నట్టు బిగించడం మరిచిపోతే, పాపం ఆ టాక్సీ డ్రైవరు నడిరోడ్డు మీద నిలబడ్డాడు."

"కాసేపు నిలబడితే కాళ్లకి మంచిదేలే."

"మాటలు మాత్రం మరిచిపోవే తల్లీ నువ్వు." కూతురు నవ్వుకుంటూ గొడుగు తీసుకుని స్పేర్ పార్టుల షాపుకి వెళ్లింది.

మరుపు... పెద్దావిడకి చావంటే లేని భయం దానంటే ఉంది. ఈ షెడ్డు కూడా చెయ్యిజారితే తనకి ఇక మిగిలేదేముంది?

స్పానరుతో ఇంజిన్ తిప్పి, వాల్వుని నొక్కే రాకరుకీ వాల్వు కాడకీ మధ్య పల్చటి కొలత బ్లేడు దూర్చింది. అది బిగుసుకోకూడదు, జారిపోకూడదు. నిద్రపోయే పసిదాని గుప్పిట్లోంచి కొంగు లాక్కున్నట్టు రావాలి. మొగుడు నేర్పిన పాఠం అది. స్క్రూ సవరించి, నట్టు బిగించి, బ్లేడు లాగి చూసింది. కుదిరింది.

అప్పుడు అవతలి నుంచి ఎవరో లాగారు.

మెల్లగా. ఒక్కసారి.

వంగి చూసింది. గోడ. గోడకి ఆనించిన పాత టైర్లు. అంతే.

"ఏమండీ... మీరేనా?" గొణిగింది. మొగుడు పోయి మూడేళ్లు. ఆయన గొంతు తలుచుకోబోయింది. రాలేదు. పొద్దుటిదాకా చెవిలోనే ఉన్న గొంతు.

రెండో వాల్వు కుదిరింది. బ్లేడుని మళ్లీ అవతలికి లాగారు. ఆయన ముఖం చెరిగిపోయింది.

మూడోది. పుట్టినిల్లు ఏ వీధిలో ఉండేదో ఆ జ్ఞాపకం పోయింది... సూదిలోంచి దారం జారినట్టు.

వాల్వుకో జ్ఞాపకం పోతోందని పెద్దావిడకి అర్థమైంది. స్పానరు కింద పెట్టింది. ఇప్పుడే లేచి వానలోకి వెళ్లిపోవచ్చు. కానీ తాళంచెవి?

"ఇంకా ఐదే కదా," అనుకుని మళ్లీ స్పానరు అందుకుంది.

నాలుగు. ఐదు... ఆరు.

ఏడోదానికి ఏం పోయిందో కూడా తెలియలేదు.

ఎనిమిది. వేళ్లు మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

ఎవరో పిల్ల గొడుగు ముడుస్తూ లోపలికొచ్చింది. ఆవిడ చేతిలోంచి బ్లేడు తీసుకుని, ఒక్కో వాల్వూ పరీక్షించింది.

"ఇది బాగుంది. ఇదీ బాగుంది... వంక పెట్టడానికి ఏమీ మిగల్చలేదే. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో అమ్మా."

అమ్మా అంటోంది. ఎవరి బిడ్డో, ముఖం చూడముచ్చటగా ఉంది.

చివరి వాల్వు దగ్గర ఆ పిల్ల చెయ్యి ఆగింది.

"ఇదేంటి... అవతల ఎవరో పట్టుకున్నట్టుంది," అని నవ్వింది.

వదిలెయ్యమని చెప్పాలి. పెద్దావిడ నోరు తెరిచింది. ఏమని పిలవాలో తెలియలేదు.

పిల్ల నవ్వు సగంలో ఆగిపోయింది. షెడ్డంతా కలయజూసి, పెద్దావిడ వైపు తిరిగింది.

"మీరెవరండీ?" అంది మెల్లగా.

బ్లేడు ఆ పిల్ల వేళ్లలోంచి అవతలికి జారిపోయింది. నేల మీద పడిన చప్పుడు మాత్రం రాలేదు.