నీళ్లకు దిగని మనిషి

మస్కట్ అవతల, రుస్తాఖ్ ఊరు దాటి కొండల్లోకి పోతే, ఎండిన వాగు పక్కన ఒక పాత బావి ఉంది. చుట్టూ కూలిపోయిన రాతి ఇళ్లు. మనిషి అలికిడి ఉండదు. అక్కడ పనిచేసే మన కడప ఆడవాళ్లు ఆ బావి మాటెత్తరు. ఎత్తక తప్పకపోతే గొంతు తగ్గించి, "గంగులమ్మ కూర్చునే చోటు" అంటారు.

ఈ సంగతి నాకు చెప్పింది రజియా. రుస్తాఖ్‌లో ఒక పెద్దింట్లో ఏళ్ల తరబడి వంట చేసి రాయచోటికి తిరిగొచ్చిన మనిషి.

ఆ ఇంట్లో పనివాళ్ల మీద పెత్తనం నిజాముద్దీన్‌ది. మనోడే, మన జిల్లావాడే. అందరి పాస్‌పోర్టులూ వాడి బీరువాలో ఉండేవి. అర్బాబుకు, అంటే ఆ ఇంటి యజమానికి, వాడు కుడి చెయ్యి. సెలవు రోజుల్లో అర్బాబు స్నేహితులను దొంగచాటుగా కొండమేకల వేటకు తీసుకుపోయేవాడు. కొండ సర్కారుది, వేట నిషేధం. అయితేనేం, వాడి ఫోనులో మ్యాప్ ఉంది.

వేటంతా ముందు సోఫాలో కూర్చునే చేసేవాడట. మ్యాప్‌లో గీతలు ఒత్తుగా ఉన్నచోట నిట్టనిలువు కొండ. ఎడంగా ఉన్నచోట వాలు. రెండు శిఖరాల మధ్య పల్లంలోంచి మేకలు దాటుతాయి. మధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది, వేకువన గాలి ఎటు వీస్తుంది... అన్నీ చూసి, చివరికి నీళ్లున్నచోట ఎర్ర గుర్తు పెట్టేవాడు.

"ఎంత తెలివైన జంతువైనా నీళ్లకు దిగాల్సిందే," అనేవాడు.

గంగులమ్మ ఆ ఇంట్లో గదులు ఊడ్చేది. ఒక రాత్రి అర్బాబు కొడుకు ఆమె గది తలుపు విరగ్గొట్టాడు. ఆమె కిటికీలోంచి దూకి కొండకేసి పరుగెత్తింది. ఆ కొడుకును ఎవరూ ఏమీ అడగలేదు. నిజాముద్దీన్ మ్యాప్ తెరిచాడు.

ఎర్ర గుర్తున్న ఆ బావి దగ్గరికే పోయి, పక్కనున్న రాయి మీద కూర్చున్నాడు. ఫ్లాస్కులో టీ. ఒళ్లో తాడు. జూన్ ఎండ... పైన బండల చాటు నుంచి గంగులమ్మ వాణ్ణి చూసింది. నీళ్లనూ చూసింది.

దిగలేదు.

తర్వాతెప్పుడో మేకల కాపరులకు ఆమె ఆ బండల మీదే కనిపించింది — బావి వైపే ముఖం పెట్టి, ప్రాణం లేకుండా.

"మేకైనా దిగొచ్చేది. దీనికెంత పొగరు!" అన్నాడట నిజాముద్దీన్, వంటింట్లో బిరియానీ తింటూ. వడ్డిస్తున్నది రజియా.

మరుసటి వేసవిలో హసీనా పారిపోయింది. అదే ఇల్లు, అదే గది, అదే కొడుకు.

నిజాముద్దీన్ మళ్లీ మ్యాప్ తెరిచాడు. డ్రైవర్ బాషాను లేపాడు.

"పోయినసారి బావికాడ కూర్చోవడం తప్పురా. ఈసారి పైన మాటేద్దాం. వంగి నీళ్లు తాగేటప్పుడు పట్టుకుందాం."

బాషా తల వంచుకుని బండి తీశాడు. వాడి పాస్‌పోర్టూ ఆ బీరువాలోనే ఉంది మరి.

బండిని కొండకు అవతల ఆపి, రాత్రికి రాత్రే పల్లం దాటి, బావికి ఎగువన బండల్లోకి చేరారు. అక్కడ బాషా కాలు జారింది. నీళ్ల డబ్బా రాళ్లకు కొట్టుకుని పగిలింది.

"కళ్లు నెత్తికెక్కాయా?" కసిరాడు నిజాముద్దీన్. "సర్లే... కింద బావి ఉంది గదా."

కింద... వెన్నెల్లో... రాయి మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

నీలం యూనిఫాం. నెత్తిన ముసుగు. ముఖం వీళ్ల వైపే.

"దొరికింది గదన్నా," గుసగుసగా అన్నాడు బాషా.

నిజాముద్దీన్ కదల్లేదు.

"అది... హసీనా కాదు."

"మరెవరన్నా?"

"ఆ రాయి చూడు... నేను కూర్చున్న రాయి."

అక్కడున్నది హసీనాయేనని బాషాకు నమ్మకం. ఆ ఇంటి పనిమనుషులందరికీ అదే నీలం యూనిఫాం. కానీ వాడికొక ఆలోచన తట్టింది. వీడు భయపడి దిగకుండా ఉంటే హసీనా బతికిపోతుంది.

"అవునన్నా," అన్నాడు మెల్లగా. "గంగులమ్మే. నిన్నే చూస్తోంది..."

తెల్లారింది. ఆమె లేవలేదు. పొద్దెక్కింది. బండలు పెనంలా కాలుతున్నాయి. కిందికి దిగే దారి బావి పక్కగానే. వెనక్కి కొండెక్కాలంటే, ఆ ఎండలో, చుక్క నీళ్లు లేకుండా, అయ్యే పని కాదు.

"పోయిందా?"

"లేదన్నా."

"చూడరా... పోయిందా?"

"లేదన్నా."

మధ్యాహ్నానికి బాషా నాలుక పిడచకట్టింది. ఒక్కడే దిగాడు. ఆమె తలెత్తలేదు, మాట్లాడలేదు. చేదతో తోడి వాడి దోసిట్లో పోసింది. కడుపు నిండా తాగాడు. తాగాక, పైనున్నవాడి కోసం సంచిలోని ఖాళీ సీసా తీసి చాచాడు. మగవాడి మీద మగవాడికి జాలి తొందరగానే పుడుతుంది!

ఆమె సీసా నింపింది. నింపి... పైనుంచి నిజాముద్దీన్ చూస్తుండగానే... నెమ్మదిగా, చివరి చుక్క దాకా, నేల మీద ఒంపేసింది.

బాషా వాగు దారి పట్టాడు. రోడ్డెక్కి మనుషులను పిలుచుకొచ్చేసరికి సాయంత్రమైంది. బావి దగ్గర ఎవరూ లేరు. బండల మీద నిజాముద్దీన్ ఉన్నాడు — పెదాలు చీలిపోయి, కళ్లు తెరుచుకుని, బావి వైపే ముఖం పెట్టి. పోలీసులు వడదెబ్బ అని రాసుకున్నారు.

హసీనా బతికి ఊరు చేరింది. సెలవు మీద వచ్చిన బాషా ఆమెను రాయచోటిలో రజియా ఇంట్లో కలిశాడు.

"ఏం హసీనక్కా," అన్నాడు బాషా నవ్వుతూ, "నాకేమో నీళ్లు పోసి, వాడికేమో నేలపాలు చేస్తివే! ఏం గుండె నీది!"

హసీనాకు అర్థం కాలేదు. "యాడ?"

"బావికాడ."

"ఏ బావి బాషా? నేను కొండకేసి పోనేలేదు. కూరగాయల బండెక్కినా. తెల్లారేసరికి మస్కట్‌లో ఎంబసీ గేటు ముందున్నా."

బాషా చెయ్యి తన గొంతు మీదికి పోయింది.

"మరి... నాకు నీళ్లు పోసిందెవరు?"

రజియా టీ వడపోస్తూ, తల కూడా ఎత్తకుండా అంది —

"ఎవరు పోస్తే ఏందిరా? వాడికైతే పోయలేదు గదా."