పిచ్చుక అడిగిన సెలవు

ఆదివారం గర్భిణుల ఓపీ ఉండదు. వచ్చే నెల డ్యూటీ చార్టు రాసుకోవడానికి ఆస్పత్రి మొత్తంలో అంతకంటే ప్రశాంతమైన చోటు లేదని, ఆ మధ్యాహ్నం తాళం తీసుకుని వెళ్ళి కూర్చున్నాను. బయట ముసురు. లోపల ఫినాయిల్ వాసన, ఎక్కడో కుళాయి చుక్కల చప్పుడు. పీజీలలో చివరి సంవత్సరం దాన్ని కాబట్టి ఎవరికి నైట్లు, ఎవరికి సెలవులు అన్నది నా పెన్ను చివరే ఉండేది.

తలుపు మెల్లగా తోసుకుని పిచ్చుక వచ్చింది.

పిచ్చుక నా జూనియర్. ఒక్క చోట కాలు నిలవదని ఆ పేరు పెట్టాం. కడుపుతో ఉన్నప్పుడూ అలాగే తిరిగేది. "చార్టులో మా ఇద్దరి పేర్లూ రాయి అక్కా, పని మాత్రం ఒక్కదాన్నే చేస్తాను" అని నవ్వేది.

ఏడో నెల రాగానే నైట్లు చెయ్యలేనని, కాన్పు సెలవు ముందుగా ఇప్పించమని లెటర్ రాసి నా చేతికిచ్చింది. మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ సంతకానికి పంపాల్సింది నేనే. పంపలేదు. ఆమె వెళ్ళిపోతే ఆ నైట్లన్నీ నా మెడకు చుట్టుకుంటాయి. నాకేమో పరీక్షలు ముంచుకొస్తున్నాయి. అడిగినప్పుడల్లా "మేడమ్ ఇంకా చూడలేదమ్మా" అని నీళ్ళు నమిలాను.

ఒకరోజు, ఇరవై ఎనిమిది గంటలుగా డ్యూటీలో ఉన్న మనిషి, లేబర్ రూమ్ గుమ్మంలో నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పొద్దుట్నుంచి బిడ్డ కదల్లేదు. ఒక్కసారి చూడవా?"

"ఈ రెండు కేసులూ అయిపోనీ."

అవి అయ్యేసరికి చీకటి పడింది. అప్పుడు చూస్తే బిడ్డ గుండె చప్పుడు లేదు.

నన్నెవరూ ఏమీ అనలేదు. తిలాపాపం తలా పిడికెడు. "ఇలాంటివి మన చేతుల్లో ఉండవు" అని అందరం అందరినీ ఓదార్చుకున్నాం. సెలవు మాత్రం మర్నాడే మంజూరైంది.

అది జరిగి రెండు నెలలు.

"ఒక్కదానివే వచ్చావా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆయన కింద ఉన్నారు. ఆయనకి చెప్పలేదు." దగ్గరికి వచ్చి గుసగుసగా అంది. "అక్కా... పొద్దుట్నుంచి కదులుతోంది. ఒక్కసారి చూడవా?"

ఈసారి కాదనే మొహం నాకు లేదు.

బల్ల మీద పడుకుంది. చదునైన పొట్ట. బిడ్డ గుండె చూసే మానిటర్ ఆన్ చేశాను. ఉత్త గరగర ఆమె చెవిన పడకూడదని సౌండు ముందే పూర్తిగా తగ్గించేశాను. జెల్ రాసి ప్రోబ్ ఆనించాను. ఏమీ ఉండదని తెలుసు.

అంకె వెలిగింది.

నూట నలభై రెండు.

ప్రోబ్ తీశాను. ఆరిపోయింది. మళ్ళీ పెట్టాను. నూట నలభై... నూట నలభై ఆరు... ఆమె నాడి పట్టుకున్నాను. డెబ్బై. ఆమెది కాదు. అప్పుడు, ప్రోబ్ పట్టుకున్న నా వేళ్ళను... లోపలి నుంచి ఏదో మెత్తగా తన్నింది.

పిచ్చుక పైకప్పు వంక చూస్తోంది. "ఉందా అక్కా?"

ఉందంటే? ఆ రోజు గుమ్మంలోనే చూసి ఉంటే అప్పుడూ ఉండేదేమోనని ఒప్పుకోవాలి.

"లేదమ్మా," అన్నాను. "పేగుల కదలిక. ఒక్కోసారి అలా అనిపిస్తుంది."

పొట్ట మీది జెల్ తుడుచుకుంది.

"సరే అక్కా. చూశావు కదా, చాలు."

లేచి బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. పిచ్చుక అడుగుల్లా లేవు. బరువుగా... ఒక్కో మెట్టుకూ ఆగి, ఊపిరి తీసుకుంటూ...

మానిటర్ ఆపడానికి తిరిగాను. కాగితం దానంతటదే బయటికి వస్తోంది. దాని మీద రెండు గీతలు పడతాయి. పైది బిడ్డ గుండె. కిందిది తల్లికి వచ్చే నొప్పులు. నొప్పుల కోసం పొట్టకు వేరే బెల్టు కట్టాలి. నేను కట్టలేదు. అది గోడకు, కొక్కేనికే వేలాడుతోంది.

కింది గీత మీద మూడు గుట్టలు, ఒకదాని వెనక ఒకటి, ఒక్కోటీ ముందుదాని కంటే ఎత్తుగా.

నేను చూస్తుండగానే నాలుగోది లేవడం మొదలైంది.