నాలుగు గంటల గాలి

బయటి నుంచి గడియ పడిన తలుపు. ఏజెంట్ దేవికకు అన్నిటికన్నా ఎక్కువ భయం అదే. ఈ సంగతి చీఫ్ మహిధర్ ఒక్కడికే తెలుసు.

ఆ అక్టోబర్ ఉదయం, అనంతగిరి గెస్ట్‌హౌస్‌లో అతను మ్యాప్ పరిచాడు.

"తూర్పు తీరం. ఈ అంచు దాటితే సముద్రం ఒక్కసారిగా లోతు. ఇటు చల్లని నీళ్లు, అటు వెచ్చని నీళ్లు, మధ్యలో గోడలాగా ఫ్రంట్. సోనార్ దాని అవతలికి చూడలేదు. ఆ చాటున మన సబ్‌మెరైన్. డెబ్బై మంది."

"గోడ నిలబడుతుందా సార్?"

"నైరుతి గాలి ఉన్నంతసేపు. ఈశాన్యానికి తిరిగిందా, వెచ్చని నీళ్లు చల్లని నీళ్ల మీదికి జారి గోడ వాలిపోతుంది. శత్రునౌక అందుకే కాచుకుని ఉంది. గాలి రేపటిదాకా తిరగదని మన వాతావరణ శాస్త్రవేత్త డాక్టర్ పూజిత రిపోర్ట్. ఆమె డబుల్ ఏజెంట్ అని నా అనుమానం. ఇవాళ తాండూరు పప్పుమిల్లులో, కూలి వేషంలో ఎవరినో కలుస్తోంది. పట్టుకో."

మిల్లు వాకిట్లో కొంగులు కప్పుకుని ఎనిమిది మంది పెసలు తూర్పారబడుతున్నారు. ఏడుగురు గాలిని పక్కకు పెట్టుకున్నారు. ఎనిమిదో ఆమె గాలికి ఎదురుగా నిలబడి పొట్టంతా మొహాన పోసుకుంటోంది. చేట పట్టడం తెలిసిన ఆడవాళ్లెవరూ అలా నిలబడరు.

దేవిక ఆమె వెంట గోదాంలోకి వెళ్లింది. బస్తాల చాటు నుంచి ఆమె చటుక్కున గుమ్మం బయటికి దూకింది. ఇనుప తలుపు పడింది. తాళం పడింది.

"కళ్లు మండుతున్నాయి గానీ నిన్ను గుర్తుపట్టాను దేవికా." పూజిత నవ్వు. "గాలి నాలుగింటికే తిరుగుతుంది. ఎవరికి చెప్తావో చెప్పుకో."

మూడూ నలభై. నాలుగు వైపులా తాండూరు బండ గోడలు. చేతి గాజులో దాచిన ట్రాన్స్‌మిటర్‌కు సిగ్నల్ లేదు. కిటికీ లేదు. దుమ్ముకు ఊపిరాడడం లేదు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టే ఉంది. దేవిక రెండు చేతులతో తలుపు బాదింది.

"ఎవలు బిడ్డా లోపట?" మిల్లు ఊడ్చే భాగమ్మ.

"తాళం తియ్యి అవ్వా!"

"తాళంచెవి మిల్లు సేటు కాడున్నది."

దేవిక తలుపు కింది సందులోంచి గాజును బయటికి తోసింది. "ఇది ఏసుకొని వాకిట్లకు పో, చేతికుంటేనే పన్జేస్తది. దాని మీది ఎర్రరాయి ఒత్తి, గాలి నాలుగింటికి తిరుగుతదని చెప్పు."

సందులోంచి చూస్తే గాజు నేల మీదే ఉంది.

"అవ్వా?"

"మా ఆయన పోయి ఇరవై ఏండ్లాయె బిడ్డా. గాజు ముట్టలే. నలుగురు చూస్తే ఏమంటరు?"

"సముద్రంల డెబ్బై మంది ఉన్నరవ్వా. ఆళ్ల పెండ్లాల చేతులకు గాజులున్నయి."

అడుగుల చప్పుడు దూరమైంది.

అనంతగిరిలో స్పీకర్ గరగరమంది. "అయ్యా, గాలి నాలుగింటికే తిరుగుతదంట. మీ పోరగాండ్లను జర పక్కకు జరుపుండ్రి."

"ఎవరు నువ్వు? కోడ్ చెప్పు!"

"గదేందో నాకెర్క లేదు. లోపట బిడ్డ బయట తాళం పడ్డ తలుపుకే గజగజ వణుకుతున్నది. జల్ది రాండ్రి."

మహిధర్‌కు ఆ మాటే కోడ్. మూడూ యాభై ఎనిమిదికి సబ్‌మెరైన్ లోతుల్లోకి తప్పుకుంది. తాళం పగలగొట్టి దేవికను బయటికి తెచ్చారు. పూజిత తాండూరు రైల్వే స్టేషన్ నల్లా దగ్గర కళ్లు కడుక్కుంటూ దొరికింది.

గాజు తిరిగి ఇమ్మని డిపార్ట్‌మెంట్ రెండు ఉత్తరాలు రాసింది. భాగమ్మ ఇవ్వలేదు. అది వేసుకుందని తోటి కూలీలు ఆమెతో మాటలు మానేశారట. మీరు తాండూరు దిక్కు పోతే ఆమె ఇంటి కాడ జర ఆగి, ఎట్లున్నదో, తిన్నదో లేదో చూసి రండి. వచ్చేటప్పుడు తలుపు మాత్రం బయటి నుంచి వెయ్యకండి.