ల్యాబ్‌కి తాళం

ఉజ్వల ఆ టిష్యూ ప్యాకెట్టు విప్పకపోయి ఉంటే ఈ కథే లేదు.

సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో, తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో మధ్యాహ్నం పూట కాలు పెట్టే సందు లేదు. ఒక్క బల్ల మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద చిన్న టిష్యూ ప్యాకెట్టు. ఎంత మర్యాదస్తుల దేశం, మూతి తుడుచుకోవడానికి ముందే ఏర్పాటు చేసి పెట్టారు అని మురిసిపోయి ఉజ్వల కూర్చుంది. నూడుల్స్ కారానికి ముక్కు కారింది. ఒక టిష్యూ తీసింది. ఇంకోటి తీసింది. ప్యాకెట్టు చిక్కిపోతూ ఉండగా ఎదురుగా ఒక ట్రే, ట్రే వెనక ఒక కుర్రాడు వచ్చి నిలబడ్డారు.

"ఎక్స్‌క్యూజ్ మీ, ఐ ఆల్రెడీ చోప్ దిస్ వన్."

ఉజ్వలకి ఊళ్ళో ఇంటర్ అయిపోయి, అమ్మానాన్నల దగ్గరికి సింగపూర్ వచ్చి ఇంకా కొన్నాళ్ళే. కొత్తవాళ్ళు పలకరిస్తే ఆ పిల్లకి గొంతు పెగలదు. అదే ఫోన్లో అమ్మ దొరికిందంటే ఆపడం కష్టం. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్ చేసింది.

"తింటన్నానమ్మా. ఇక్కడ ఎవడో కోతిమొహం వచ్చి నా బల్ల దగ్గర నిలబడి చోపు చోపు అంటన్నాడు. ఎంత చూసినా పోడు. నూడుల్స్ కోసమేమో, పెట్టమంటావా?"

కోతిమొహం ట్రే కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. అచ్చ తెలుగులో మాట్లాడింది.

"చోప్ అంటే ఈ చోటు నాది అని. ఇక్కడ టిష్యూ పెట్టి వెళ్తే సీటు రిజర్వ్ చేసినట్టు. కాబట్టి బల్ల నాది. టిష్యూలు నావి. ఈ కోతిమొహం కూడా నాదే."

ఉజ్వల నూడుల్స్ గిన్నెలోకి దూకేద్దామని చూసింది గానీ లోతు చాలలేదు. మిగిలిన ఒకే ఒక టిష్యూని అతని వైపు జరిపి, గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తింది.

*

ఆదివారం వాళ్ళ ఫ్లాట్లో కాలేజీ చూపులు.

చూపులనే అనాలి. ఉజ్వల నాన్న సుధాకరరావుకి కాలేజీ ఎంచుకోవడమంటే సంబంధం చూడ్డమే. ర్యాంకు ఎంత, ప్లేస్‌మెంట్లు ఎన్ని, పాస్ అయినవాళ్ళు ఏ దేశంలో స్థిరపడ్డారు, ఏమన్నా గొడవలున్నాయా. ఆఫీసులో కలిసి పనిచేసే రంగనాథ్‌గారి అబ్బాయి ఇక్కడే ఇంజనీరింగ్ రెండో ఏడు అని తెలిసి, సలహా కోసం ఇంటికి పిలిచాడు. అమ్మ సత్యవాణి పకోడీలు వేసి పళ్ళెం ఉజ్వల చేతికిచ్చింది. ఉజ్వల తల వంచుకుని హాల్లోకి వచ్చి, తల ఎత్తి చూసి, పళ్ళెంతో సహా వెనక్కి తిరగబోయింది.

"ఏందమ్మా, ఇట్టా ఇయ్యి," అన్నాడు నాన్న. "మన రంగనాథ్‌గారి అబ్బాయి, లోహిత్."

"హలో," అన్నాడు లోహిత్. పకోడీ తీసుకుంటూ మెల్లగా అన్నాడు, "టిష్యూ ఉందా?"

ఉజ్వల చెవులు పకోడీల కంటే ఎర్రగా వేగాయి.

"నీకు ఏ బ్రాంచ్ ఇష్టం?" అని అడిగాడు లోహిత్.

"కంప్యూటర్స్ అబ్బయ్యా," అన్నాడు సుధాకరరావు.

"అంకుల్, నేను తనని అడిగా."

"దానికి సిగ్గు. అందుకని నేనే చెప్తన్నా."

ఉజ్వలకి రెండు సీట్లు వచ్చాయి. ఒకటి లోహిత్ చదివే కాలేజీలోనే, కంప్యూటర్స్. రెండోది గోదావరి కాలవల పక్కన ఒక పాత కాలేజీలో, సివిల్, అంటే కాలవలూ ఆనకట్టలూ కట్టే చదువు. అది ఉజ్వల ఎవరికీ చెప్పకుండా పెట్టిన దరఖాస్తు. శుక్రవారంలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి. "అది సరదాకి పెట్టిందిలే," అని నాన్న కొట్టిపారేశాడు.

సరదా కాదు. వాళ్ళది మార్కాపురం దగ్గర పల్లె. నీళ్ళ ట్యాంకరు వస్తే బళ్ళో పాఠం ఆపేసి బిందెలతో పరిగెత్తిన పిల్ల ఉజ్వల. ఇక్కడ వాన కుండలతో గుమ్మరించినట్టు పడుతుంది, కాసేపటికి రోడ్డు మీద చుక్క ఉండదు. అందరూ సింగపూర్లో ఎత్తైన మేడల ముందు ఫొటోలు దిగుతుంటే ఈ పిల్ల వానకాలవల్లోకి తొంగిచూస్తుంటుంది. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో, ఎవరు పంపుతున్నారో నేర్చుకుని అదే విద్యతో తమ ఊళ్ళోకి నీళ్ళు రప్పించాలని దాని ఆశ. ఆ ఆశ ఇంతవరకు గొంతు దాటి బయటికి రాలేదు.

"మా కాలేజీ చూపిస్తా అంకుల్," అన్నాడు లోహిత్. "ఆ గోదావరి కాలేజీలో మా పిన్ని కొడుకు కృష్ణచైతన్య ఉన్నాడు. వాణ్ణి అడిగి అక్కడి సంగతి కూడా చెప్తా."

*

"మంచి కాలేజీ అని ఎట్టా తెలుస్తుంది?"

కాలేజీ సగం తిరిగాక ఉజ్వల నోట వచ్చిన మొదటి మాట ఇదే. లోహిత్ దీనికోసమే కాచుకుని ఉన్నట్టు మొదలుపెట్టాడు.

"బ్రోచర్ చూడకు. అందులో చెట్టు కింద ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వే అమ్మాయి ఉంటుంది చూడు, ఆ అమ్మాయి ఏ కాలేజీలోనూ చదవదు. ఫొటో దిగి వెళ్ళిపోతుంది."

"మరి?"

"ల్యాబ్‌లోకి వెళ్ళి మెషీన్ మీద వేలు పెట్టి గీయి. దుమ్ము అంటితే వెనక్కి వచ్చెయ్. గ్రీజు అంటితే చేరిపో. అడగాలంటే సెకండ్ ఇయర్ వాళ్ళని అడుగు. ఫస్ట్ ఇయర్ వాళ్ళకి ఏమీ తెలీదు. ఫైనల్ ఇయర్ వాళ్ళు ఉద్యోగం వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి చెప్తారు. ఇంక ప్రొఫెసర్ రూమ్ బయట స్టూడెంట్స్ ఉన్నారా చూడాలి. ఉంటే మంచిదే. నవ్వుతూ నిలబడ్డారా, ఏడుస్తూ నిలబడ్డారా అదీ చూడాలి లా."

పుట్టి పెరిగింది ఇక్కడే కదా, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర ఉప్పు చల్లినట్టు ఒక 'లా' చల్లుతాడు.

"మీరు ఇవన్నీ చూసే చేరారా?"

"లేదు. నాన్న చేరమన్నాడు, చేరా. ఇప్పుడు చూస్తున్నా."

ఉజ్వల ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి లోహిత్ మెట్టు తప్పి, స్తంభం పట్టుకుని, దాన్ని పరీక్ష చేస్తున్నట్టు నటించాడు.

అంతలో వాన. జనమంతా నీడలోకి పరిగెడుతుంటే ఉజ్వల కాలవ వైపు పరిగెత్తింది. గొడుగు పట్టుకుని లోహిత్ వెనకాలే.

"అడుగున చిన్న కాలవ చూశారా? రోజూ వచ్చే నీళ్ళకి అది. పెద్ద వానొస్తే మొత్తం కాలవ నిండి పరిగెడతాయి. ఆ వంపు ఎవరు లెక్క కట్టారో గానీ చేతులు పట్టుకుని దణ్ణం పెట్టాల."

"నువ్వు డ్రెయిన్ గురించి చెప్తుంటే ఎవరో హీరో గురించి చెప్తున్నట్టుంది."

"హీరో కంటే నయం. పొమ్మన్న చోటికే పోద్ది."

లోహిత్ కాలవని చూడ్డం మానేసి చాలాసేపైంది. గొడుగు మొత్తం ఆమె మీదే ఉందని, తను నిలువునా తడిసిపోయాడని అతనికి తెలియలేదు. ఉజ్వలకి తెలిసింది. చెప్పలేదు.

"మీ కాలేజీలో ఈ నీళ్ళ చదువు లేదా?"

"ఉంది. కానీ నీకొచ్చింది కంప్యూటర్స్ సీటు. చేరాక మారడం చాలా కష్టం."

ఉజ్వల గొడుగు లోంచి చెయ్యి చాచి వాన పట్టింది. అయితే ఈ పిల్ల గోదావరికే పోతుందని లోహిత్‌కి అప్పుడే తట్టింది.

*

బుధవారం లోహిత్ ఇంటికొచ్చి కబురు చెప్పాడు. "కృష్ణచైతన్యని అడిగానంకుల్. అక్కడ నీళ్ళ ల్యాబ్‌కి ఎప్పుడూ తాళమేనట. ఎవరన్నా పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తే తీస్తారట."

"చూశావా, నేను ముందే చెప్పలా," అన్నాడు సుధాకరరావు సంబరంగా. ఉజ్వల ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు సాయంత్రం ఉజ్వల తమ ఫ్లాట్ల బ్లాకు కింద, గోడల్లేని ఖాళీ జాగాలో కూర్చుని వాన చూస్తుంటే లోహిత్ తడుస్తూ వచ్చాడు.

"ఉజ్వలా, తాళం లేదు."

"ఏం తాళం?"

"ల్యాబ్‌కి. పొద్దున్నే తీస్తారట, చీకటి పడేదాకా మూయరట. బస్సంత పొడుగు గాజు కాలవ ఉంది, అందులో నీళ్ళు వదిలి చూస్తారు. స్టూడెంట్సే గోదావరి కాలవల మీదికి వెళ్ళి కొలుస్తారు. వాడు ఫొటోలు కూడా పంపాడు. తాళం వేసింది నేను."

"ఎందుకు?"

లోహిత్ వాన వైపు చూశాడు. వాన ఏమీ సాయం చెయ్యలేదు.

"నువ్వు వెళ్ళిపోతావని."

ఇలాంటి మాట వింటే ఆడపిల్ల కళ్ళు వాల్చాలని ఉజ్వల కథల్లో చదివింది. ఒళ్ళు మండుతుంటే కళ్ళు ఎట్టా వాలతాయో ఆ రాసినవాళ్ళే చెప్పాలి.

"నా చదువుకి తాళమేసి, చెవి జేబులో వేసుకుని, పైగా ప్రేమంటావా?"

మీరు కాస్తా నువ్వైంది. ఇద్దరూ గమనించారు.

"ప్రేమని ఇంకా అనలేదు."

"అనబోతున్నావుగా."

"అవును."

"అనొద్దు. ముందు పైకి పోయి మా నాన్నకి నిజం చెప్పు."

"ఇప్పుడా?"

"రేపు చెప్తే నేను కంప్యూటర్స్‌లో ఉంటా."

*

సుధాకరరావు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్స్ సీటు ఎదురుగా ఉంది, నొక్కడమే తరువాయి. బట్టల్లోంచి నీళ్ళు కారుతుండగానే లోహిత్ చెప్పాడు.

"అంకుల్, నేను అబద్ధం చెప్పాను. ఆ కాలేజీ మంచిది."

"అబద్ధమా? మంచి పని చేశావు. అట్టాగే ఉంచు."

"ల్యాబ్ బాగుంది. ఉజ్వలకి అదే సరైంది. మా కాలేజీ పెద్దదే, కానీ తనకి కావాల్సింది తనకొచ్చిన సీటులో లేదంకుల్."

సుధాకరరావు ముఖంలో సరదా పోయింది. "రెండేళ్ళు దాన్ని ఊళ్ళో వదిలేసి వచ్చాం. పండగకి ఫోన్లో చూసుకున్నాం. ఇప్పటికి వచ్చింది బిడ్డ. మళ్ళీ పంపెయ్యమంటావా? ఇంత గట్టిగా వాదిస్తన్నావు, మా పిల్లని పంపేస్తే నీకేంది లాభం?"

"లాభం లేదంకుల్," అన్నాడు లోహిత్. "నష్టమే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ముందు అర్థమైన సత్యవాణి గుమ్మంలోంచి తొంగిచూసింది. సుధాకరరావు "నీకు నష్టమేంది?" అని అడిగేసి, భార్య ముఖం చూసి, కూతురి ముఖం చూసి, కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"నాన్నా," అంది ఉజ్వల.

నాన్న పక్కకి వచ్చి నిలబడింది.

"నాకు నీళ్ళ చదువు కావాల. అక్కడికి పోతే మీకోసం ఏడుస్తా. ఆ ఏడుపు నాకు అలవాటే, ఏడ్చి లేచి చదువుకుంటా. ఇక్కడ ఇష్టం లేని సీట్లో కూర్చుని ఏడిస్తే మాత్రం లేవలేను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేందమ్మా?"

"నువ్వే నా బదులు చెప్తుంటివి గదా."

సుధాకరరావు కళ్ళజోడు ఇంకాసేపు తుడిచాడు. తర్వాత ల్యాప్‌టాప్‌ని కూతురి వైపు తిప్పాడు. ఉజ్వల గోదావరి సీటు మీద నొక్కింది. ఎందుకైనా మంచిదని ఇంకోసారి నొక్కింది.

"మరి ఈ అబ్బాయి నష్టం సంగతేంది?"

"భరిస్తానంకుల్," అన్నాడు లోహిత్ నేల చూస్తూ.

"ఒక్కడే ఎందుకు?" అంది ఉజ్వల. "అందులో సగం నాది."

అంది గానీ, అన్నాక నిలబడటం చేతకాక వంటింట్లోకి పారిపోయి అమ్మ వీపు వెనక దాక్కుంది. సత్యవాణి వెనక్కి తిరిగి కూతుర్ని చూడకుండానే హాల్లోకి కేకేసింది, "ఆ పిల్లాడికి తువ్వాలు ఇవ్వండి. తడిసి ముద్దయ్యాడు."

సుధాకరరావు తువ్వాలు ఇచ్చాడు. ఇస్తూ చివర పట్టుకుని వదల్లేదు.

"దసరా సెలవులకి మేం గోదావరి పోతాం, పిల్లని చూడ్డానికి. నువ్వూ రా అబ్బయ్యా. ఆ ల్యాబ్‌కి తాళం ఉందో లేదో నా కళ్ళతో చూసుకోవాల. ఇంక నీ మాట నమ్మను."